కుడి మూలన చిన్న సున్నా

రికార్డుల ఆఫీసు, మూడో అంతస్తు
జూన్, మొదటి పెట్టెతో పాటు

మావయ్యకి,

ఉత్తరం చూసి కంగారుపడకు, నేను బాగానే ఉన్నాను. మా ఆఫీసులో గుమ్మం దగ్గరే ఫోన్లు లాక్కుని అరల్లో పెట్టి తాళం వేస్తారు. రోగుల వివరాలు బయటికి పోకూడదట. అందుకని సందేహాలన్నీ కాగితం మీద రాసి, కార్డుల పెట్టెలోనే వెనక్కి పంపమన్నారు. ఆ కాగితం చివర మేనకోడలు నాలుగు ముక్కలు రాసుకుంటే ఎవరూ కాదనరు. నువ్వెలాగూ ఫోన్లో "ఆఁ, ఊఁ, ఉంటా" తప్ప మాట్లాడవు కదా.

మీ డాక్టరు గారు పోయారని, క్లినిక్ పెద్దాసుపత్రివాళ్ళు కొన్నారని తెలిసినప్పుడు బాధపడ్డాను. ఆయన కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని మా ఆఫీసుకే వస్తుందని మాత్రం కల్లో కూడా అనుకోలేదు. పన్నెండు వేల కార్డులు! అయినా అది చేతిరాతేనా మావయ్యా? నిన్న ఒక కార్డులో "రోజుకి రెండుసార్లు ఆవు" అని చదివాను. పక్క సీటు అమ్మాయి పడీపడీ నవ్వింది. ముప్పై ఏళ్ళు కాంపౌండరుగా ఆ రాత చూసి మందులు కట్టి, ఒక్కణ్ణీ చంపకుండా ఎలా నెట్టుకొచ్చావు?

అర్థం కాని పద్దెనిమిది కార్డుల నంబర్లు వెనకవైపు రాశాను. ఇంకొకటి. కొన్ని కార్డులకి పైన కుడి మూలన పెన్సిల్‌తో చిన్న సున్నా ఉంది. మా సాఫ్ట్‌వేర్‌లో ఎత్తుకి, బరువుకి, పొగ తాగుతాడా లేదా అన్నదానికి కూడా గడి ఉంది కానీ, ఈ సున్నాకి లేదు. ఏంటది?

అత్తయ్యకి నమస్కారాలు.

నీ కోతి


క్లినిక్, వెనక గది
జూన్

కోతీ,

అది ఆవు కాదే, ఆవిరి. ఆవిరి పట్టమని. డాక్టరు గారు బతికుంటే నీ చెవి మెలేసేవారు. ఆయన రాత ఆయన భార్యకే అర్థమయ్యేది కాదు, ఇంటికి రాసిన చీటీలు కూడా ఆవిడ నా దగ్గరికే పంపేది. పద్దెనిమిదింటికీ జవాబులు రాశాను. నీకు వచ్చే జీతంలో సగం న్యాయంగా నాదే.

నన్ను ఇంకా ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. కార్డులన్నీ వెళ్ళేదాకా ఉండమన్నారు. వెనక గదిలో కూర్చుని కట్టలు కడుతున్నా. ముందు గదికి కొత్త రంగులు, కొత్త కుర్చీలు వచ్చాయి. రోగి రాగానే పేరు అడగరు, నంబరు అడుగుతారు. డాక్టరు కుర్రాడు మంచివాడే పాపం, కానీ తెర వంక చూసినంతసేపు మనిషి వంక చూడడు.

కట్టలు కట్టడం నా పని, పెట్టెలు ఎత్తడం వేరేవాళ్ళ పనిట. మీ అత్తయ్య వచ్చి కొత్త మేనేజరుకి చెప్పిపోయింది, ఆయన చేత బరువులు ఎత్తించొద్దు అని. నా పరువు తీసింది. ఇంట్లో నీళ్ళ బకెట్టు కూడా ముట్టుకోనివ్వదు. రెండేళ్ళుగా ఇదే వరస. వయసు మళ్ళిన మొగుడి మీద ఈ ముద్దేంటో!

సున్నా సంగతి వదిలెయ్. అది టైపు చెయ్యక్కర్లేదు.

మావయ్య


రికార్డుల ఆఫీసు
జులై

మావయ్యా,

వదిలెయ్ అంటే మా సూపర్‌వైజరు వదలడు. కార్డు మీద ఈగ వాలిన మచ్చ ఉన్నా అదేంటో చెప్పాలంటాడు. నువ్వు చెప్పకపోతే "అర్థం కాని గుర్తు" అని రాయాలి, అప్పుడు పెద్దాసుపత్రి నుంచి ఎవరో వచ్చి నిన్ను కూర్చోబెట్టి అడుగుతారు. అదేదో నాకే చెప్పు.

కోతి


క్లినిక్, వెనక గది
జులై

అమ్మడూ,

సరే, చెప్తాను. ఇది నాకూ డాక్టరు గారికీ తప్ప మూడోవాళ్ళకి తెలియని విషయం.

సున్నా ఉంటే, ఆ మనిషికి తన జబ్బు సంగతి తెలియదని అర్థం. ఇంట్లోవాళ్ళకి తెలుసు. వాళ్ళే వచ్చి డాక్టరు గారి చేతులు పట్టుకుని "చెప్పకండి, తట్టుకోలేరు" అని ఏడ్చేవారు. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, పెన్సిల్ తీసి సున్నా పెట్టేవారు. కార్డు నా కిటికీ దగ్గరికి వచ్చేది. అంతే, నేను నోరు కుట్టేసుకోవాలి. మందు ఇస్తూ "బలానికమ్మా" అనాలి. నా లెక్కలో నలభై ఒక్కమంది. ఒక్కరి దగ్గర కూడా నా మొహంలో గుట్టు బయటపడలేదు. ఈ ఒక్క విషయంలో నాకు గర్వమే.

కానీ ఇంట్లోవాళ్ళు మాత్రం ఇట్టే పట్టుబడిపోతారు. నిన్నటిదాకా కస్సుబుస్సులాడిన కొడుకు ఉన్నట్టుండి తండ్రి చెప్పులు తుడుస్తాడు. కోడలు గొంతు తగ్గిస్తుంది. తెలిసినవాళ్ళు ముందు మానేసేది పోట్లాట. అది చూసి చాలామంది రోగులు అనుమానపడి నన్నడిగేవాళ్ళు. "మీవాళ్ళకి బుద్ధొచ్చిందిలే" అని నవ్వించి పంపేవాణ్ణి.

మీ కంప్యూటర్లో ఎక్కాక ఎవరి రికార్డు వాళ్ళ ఫోన్లో వాళ్ళకే కనిపిస్తుందటగా. అందుకే అడుగుతున్నా, ఆ నలభై ఒకటీ పక్కన పెట్టెయ్.

మావయ్య


రికార్డుల ఆఫీసు
ఆగస్టు

మావయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు నాకు జ్వరం వచ్చినప్పుడల్లా "ఏం లేదు" అనేవాడివి. అప్పుడు నమ్మేదాన్ని, ఇప్పుడు అనుమానంగా ఉంది!

పక్కన పెట్టడం నా వల్ల కాదు. ప్రతి పెట్టెకీ జాబితా ఉంటుంది. ఒక్క కార్డు తగ్గినా తెర మీద ఎర్రగా కనిపిస్తుంది. పైగా మొదటి అయిదు పెట్టెలూ అయిపోయాయి, సెప్టెంబరు ఒకటిన వాటిని రోగులకి తెరుస్తున్నారు. సూపర్‌వైజరుతో ఊరికే మాటవరసకి అన్నాను, చూడకూడని వాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా అని. "అది వాళ్ళ ఒళ్ళమ్మా, చూడకూడదని చెప్పడానికి మనమెవరం" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. నీకు తోస్తే రాయి.

కోతి


క్లినిక్, వెనక గది
సెప్టెంబరు

అమ్మడూ,

జవాబు నాకూ లేదు. నిన్న అదే నడుచుకుంటూ నా గదిలోకి వచ్చింది.

మన వీధి చివర బట్టలు కుడుతుందే, నీ స్కూలు యూనిఫారాలన్నీ కుట్టిందే, ఆవిడ. అయిదేళ్ళుగా నెలకో సూది వేస్తున్నాను. కిడ్నీలు కుంచించుకుపోతున్నాయి. అప్పట్లో ఆవిడ అన్నగారు వచ్చి సున్నా పెట్టించాడు. మిషను మీద కూర్చుని ఉండగా ఫోన్లో మీ మెసేజీ వచ్చిందట. కూతురితో చదివించుకుంది. మెడలో టేపు అలాగే ఉంది, వేలికి తొడుగు కూడా తియ్యలేదు, తిన్నగా నా గదిలోకి వచ్చి నిలబడింది.

అరుస్తుందనుకున్నా. అరవలేదు. "బలం సూది అన్నారు" అంది. నేను ఏదో నసిగాను. "మా అన్న పోయి రెండేళ్ళయింది బాబూ. ఆయనకిచ్చిన మాట మీరింకా ఎందుకు మోస్తున్నారు? మా చెల్లెలు ఏటా రమ్మని పిలుస్తుంది. వచ్చే ఏడాది వస్తాలే అంటాను. నాకు వచ్చే ఏడాదులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. నాకొక్కదానికే తెలీదు" అంది.

అలా అనేసి వెళ్ళిపోయింది. నేను కడుతున్న కట్ట అలాగే వదిలేసి కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు మంచి చేస్తున్నాననుకున్నానే. నలభై ఒక్కమందిలో ముప్పైమంది పోయారు. వాళ్ళూ ఏదో ఒక పని వచ్చే ఏడాదికి వాయిదా వేసే ఉంటారు కదా.

డాక్టరు గారి బల్ల సొరుగు ఇన్నాళ్ళూ తాళం వేసి ఉంది. నిన్న కొత్తవాళ్ళు పగలగొట్టి, అందులో ఉన్న కాగితాలన్నీ నాకు చూపించకుండానే మీ ఆఫీసుకి పంపేశారు. చూసుకో.

మావయ్య


అద్దె గది
అక్టోబరు

అత్తయ్యకి,

ఇది నీ బడి అడ్రసుకి పంపుతున్నాను. ఇంటికి వస్తే మావయ్య విప్పుతాడు.

డాక్టరు గారి సొరుగు కాగితాల్లో మావయ్య కార్డు ఉంది. కుడి మూలన సున్నా ఉంది. రెండేళ్ళ కిందటి స్కాన్. కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బి ఉందని, పగిలితే నిమిషాలేనని, ఆపరేషన్‌ని గుండె తట్టుకోదని రాశారు. కింద "చెప్పవద్దని భార్య కోరిక" అని ఉంది. అంత గజిబిజి రాతలో ఆ ఒక్క వాక్యం ముత్యాల్లా రాశారు అత్తయ్యా. చదవలేకపోయానని చెప్పుకోవడానికి కూడా లేదు.

నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను. ఆ కార్డు ఇంకా టైపు చెయ్యలేదు. చేస్తే మావయ్య ఫోనుకి వెళ్తుంది. సొరుగు పెట్టెకి జాబితా లేదు, ఒక కార్డు తగ్గినా ఎవరికీ తెలియదు. ఏం చెయ్యమంటావు?


చిన్నపిల్లల బడి, టీచర్ల గది
అక్టోబరు

అమ్మడూ,

టైపు చెయ్యకు. నీకు దణ్ణం పెడతాను.

మీ మావయ్య సంగతి నీకు తెలుసు. పంటినొప్పి వస్తే వారం రోజులు తిండి మానేసే మనిషి. తెలిస్తే బెంగతోనే పోతారు. ఈ రెండేళ్ళూ ఆయన నవ్వుతూ తిరిగారు. ఆ నవ్వు కోసం నేను ఏం పడ్డానో నాకే తెలుసు. ఆయన గట్టిగా తుమ్మితే నా ప్రాణం లేచిపోతుంది. పిల్లలకి అక్షరాలు దిద్దిస్తూ కూడా గుమ్మం వంకే చూస్తుంటాను, ఎవరైనా పరిగెత్తుకొస్తున్నారేమోనని.

దాచెయ్ తల్లీ. ఎప్పుడూ నిన్నేదీ అడగలేదు.

అత్తయ్య


రికార్డుల ఆఫీసు
అక్టోబరు

ప్రియమైన మావయ్యకి,

ఎలా ఉన్నావు? ఈ పెట్టెలో సందేహాలేవీ లేవు, నీ పుణ్యమా అని అన్నీ చదవగలుగుతున్నాను. వేళకి భోంచెయ్. కట్టలు నెమ్మదిగా కట్టు, తొందరేం లేదు. నువ్వు నన్ను ఎంత ప్రేమగా పెంచావో ఈమధ్య తరచూ గుర్తొస్తోంది. కుట్టుపని ఆవిడ మాటలకి బాధపడకు. నీ మనసు మంచిది.

అత్తయ్య చెప్పినట్టు విను.

నీ మేనకోడలు


క్లినిక్, వెనక గది
నవంబరు

అమ్మడూ,

ఈ నెలన్నరలో పెట్టెలతో పాటు నువ్వు పంపిన నాలుగు ఉత్తరాలూ బల్ల మీద వరసగా పరిచాను. ఒక్కదాంట్లో కూడా నన్ను ఏడిపించలేదు. డాక్టరు గారి రాత మీద ఒక్క జోకు లేదు. "కోతి" అని సంతకం లేదు. "ప్రియమైన" అట! పుట్టి బుద్ధెరిగాక నన్నెప్పుడైనా ప్రియమైన అన్నావా? మొన్న పెట్టెలో ఉన్ని మఫ్లరు పంపావు, దానికి ముందు కాళ్ళకి రాసుకునే నూనె పంపావు.

ఇలాంటి మొహాలు నేను ముప్పై ఏళ్ళు చూశానే. నా కిటికీ ముందు నిలబడి మందులు తీసుకెళ్ళిన కొడుకులూ కోడళ్ళూ అందరూ నీ అక్షరాల్లో కనిపించారు.

సొరుగులో నా కార్డు ఉంది. అవునా?

రెండేళ్ళ కింద నాకు కడుపునొప్పి వస్తే రాళ్ళేమోనని స్కాన్ తీయించారు. "గ్యాసురా, పో" అన్నారు డాక్టరు గారు. అప్పట్నుంచే కదా మీ అత్తయ్య బకెట్టు లాక్కోవడం మొదలుపెట్టింది. నేను ఎంత మొద్దువెధవనో చూడు. ఊరందరి సున్నాలూ తెలిసినవాణ్ణి, నా దాని సంగతి నాకు తెలియలేదు.

కోపం వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా కోపం వచ్చింది. మీ అత్తయ్య మీద, పోయిన ఆ పెద్దమనిషి మీద, నీ మీద. తరవాత కుట్టుపని ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడ ముందు నిలబడినప్పుడు నాకు లేని జవాబు మీకు మాత్రం ఎక్కడినుంచి వస్తుంది?

ఏముందో ఉన్నది ఉన్నట్టు రాయి. ఆ కార్డు టైపు చెయ్యి. ఇవాళే చెయ్యి.

మావయ్య


రికార్డుల ఆఫీసు
నవంబరు

మావయ్యా,

నీ ఉత్తరం చదవగానే చేశాను. కార్డు నకలు ఇందులో పెట్టాను, నీకు చదివి చెప్పేవాళ్ళు అక్కర్లేదు కదా.

ఇప్పుడు రాసేది రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ ఇంక నీ దగ్గర ఏదీ దాచను. నేను టైపు చేసిన గంటలో తెర మీద పసుపు గీత వచ్చింది. పాత రిపోర్టులన్నిటినీ ఆ సాఫ్ట్‌వేర్ తనే చదివి, ఇప్పుడు వైద్యం ఉన్న జబ్బయితే సంబంధించిన డాక్టరుకి పంపుతుందట. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. సాయంత్రానికి పెద్దాసుపత్రి రక్తనాళాల డాక్టరు చూసి సూపర్‌వైజరుకి ఫోన్ చేశాడు. కడుపు కొయ్యక్కర్లేదట, తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి ఆ ఉబ్బుకి లోపలినుంచి ఆసరా పెడతారట. నీ గుండెకి అది తట్టుకునే వీలుందని అన్నాడు. ముందు కొత్త స్కాన్ తియ్యాలి. వాళ్ళే నీకు ఫోన్ చేస్తారు.

కార్డు నా బల్ల అడుగున ఆరు వారాలు ఉంది మావయ్యా. మొదటిరోజే టైపు చేసి ఉంటే ఈపాటికి అంతా అయిపోయేది. నీ మీద ప్రేమతోనే దాచాననుకున్నాను. సున్నా పెట్టడం ఇంత తేలికని తెలియదు.

కోతి


ఇల్లు
నవంబరు

కోతీ,

ఫోన్ వచ్చింది. వచ్చే సోమవారం పొద్దున్నే ఖాళీ కడుపుతో రమ్మన్నారు. బరువులు ఎత్తొద్దన్నారు. మా ఆవిడ ఎప్పుడో చెప్పిందన్నాను, ఫోన్ చేసిన పిల్లకి అర్థం కాలేదు.

నువ్వు భయపడినట్టు ఇంట్లో పెద్ద గొడవేం జరగలేదు. మీ అత్తయ్య బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని, "రెండేళ్ళుగా ఒక్కదానివే మోశావా?" అన్నాను. చొక్కా చేతిలోంచి జారిపోయింది. చాలాసేపు ఏడ్చింది. తరవాత లేచి నన్ను తిట్టింది. రెండేళ్ళ తిట్లన్నీ కూడబెట్టినట్టు తిట్టింది. తడి తువ్వాలు మంచం మీద వేస్తాననీ, నవ్వితే గట్టిగా నవ్వుతాననీ. ప్రాణం లేచొచ్చింది నాకు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో నాతో ఎవరూ పోట్లాడలేదని అప్పుడే తెలిసింది.

కుట్టుపని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. "నేనూ సున్నావాణ్ణేనమ్మా" అన్నాను. ఆవిడ మిషను ఆపలేదు, కాలితో పీట ఇటు తోసింది. కాసేపయ్యాక నా చొక్కాకి ఊడిన బొత్తాం కుట్టింది. వచ్చే నెల చెల్లెలి దగ్గరికి వెళ్తోందట. మిగిలిన పదిమంది ఇళ్ళకీ వెళ్ళాను, ముందు ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడాను. ఇద్దరు తలుపేసేశారు. ఒకాయన మాత్రం "తెలుసులే, ఎవరో ఒకరు చెప్తారని చూస్తున్నా" అన్నాడు.

భయంగా ఉందే. రాసుకుంటే సిగ్గేముంది, చాలా భయంగా ఉంది. కానీ ఇది నా భయం, నేనే పడుతున్నాను. మెరుగ్గానే ఉంది.

ఆరు వారాల గురించి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. నేను ముప్పై ఏళ్ళు చేసిన పని నువ్వు ఆరు వారాలు చేశావు.

మావయ్య


ఇల్లు
డిసెంబరు

అమ్మడూ,

కర్మకాండల హడావిడిలో నీతో ఒక్క మాట మాట్లాడలేదు. నువ్వు గోడకి ఆనుకుని కూర్చుంటే చూశాను. చూసి మొహం తిప్పుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

స్కానుకి రమ్మన్న సోమవారానికి రెండ్రోజుల ముందు, ఆ శనివారం, ఆయన ఏ బరువూ ఎత్తలేదు. గుమ్మంలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ "నడుం పట్టేసిందే" అన్నారు. అంతే, మొహం పాలిపోయింది. అంబులెన్సు వెంటనే వచ్చింది. దార్లో నా చెయ్యి పట్టుకుని నీ గురించే చెప్పారు. "అది తప్పు చేశాననుకుంటుంది. దాని తప్పేం లేదని నువ్వు రాయి. ఫోన్లో చెప్తే అది నమ్మదు" అన్నారు.

ఆసుపత్రిలో మేం చెప్పక ముందే వాళ్ళకి అన్నీ తెలుసు. తెర మీద ఆయన పేరు, స్కాను, కొలతలు అన్నీ ఉన్నాయి. పరుగున లోపలికి తీసుకెళ్ళారు. గంటకి డాక్టరు బయటికి వచ్చాడు. చిన్నవాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెప్పాల్సింది చెప్పాక నన్నడిగాడు, "రెండేళ్ళ కిందటి రిపోర్టు కదమ్మా, ఇంత ఆలస్యంగా ఎందుకు ఎక్కింది?" అని. నిందగా అడగలేదు. తెలియక అడిగాడు.

ఆయన రాయమన్నది రాస్తున్నాను. నీ తప్పేం లేదు. నేనే దాచమన్నాను, నువ్వు నా మాట విన్నావు.

ఇది ఆయన మాట. నా మాట అడిగితే, నాకింకా నోరు రావడం లేదు. పొద్దున లేస్తే నీ మీద కోపం వస్తుంది, టీ పెట్టుకునేసరికి అది నా మీదికి తిరుగుతుంది. నిన్ను క్షమిస్తే నన్ను నేను కూడా క్షమించుకోవాలి. అది ఇప్పట్లో నా వల్ల కాదు. ఈ మాట దాచి నీతో ప్రేమగా నాలుగు ముక్కలు రాయొచ్చు, కానీ ఈ ఇంట్లో ఇంక ఎవరికీ ఏదీ దాచను.

సెలవు దొరకగానే రా. వచ్చి నా ఎదురుగా కూర్చో. నిన్ను తిట్టాలి. నువ్వూ నన్ను తిట్టు, ఊరుకోకు. ఇద్దరికీ ఓపిక అయిపోయాక భోంచేద్దాం.

అత్తయ్య